ఈక్వెడార్‌లో 24 రాత్రుల పక్షియాత్ర: ఏం ఉంచాలి, ఏం తీసేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు చాలా ఏళ్లుగా పక్షులు చూస్తున్నారు, కానీ అందుకోసం విదేశం వెళ్లడం ఇదే మొదటిసారి. ఈక్వెడార్ ఖాయం చేసుకున్నారు. చేతిలో 24 రాత్రులున్నాయి. మీవారు తోడు వస్తున్నారు గానీ ఆయనకి పక్షుల పిచ్చి లేదు. మీరు వేసుకున్న ప్లాన్‌లో గాలపగోస్ దీవులు, దక్షిణాది రిజర్వులు, ఉత్తరం, అమెజాన్ అన్నీ కలిపి పద్నాలుగు మకాములున్నాయి. ఇదంతా కుదురుతుందా, గైడ్ మొత్తం కావాలా, జులై నుంచి డిసెంబరు లోపు ఏ నెల మంచిది, 1,600 పైచిలుకు పక్షుల్ని ముందే ఎలా చదువుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. గాలపగోస్ తీసేయండి. దక్షిణం కూడా తీసేయండి. ఉత్తర భాగం ఒక్కటే పెట్టుకుని, పద్నాలుగు మకాముల్ని ఆరుకి తగ్గించండి. నెల అక్టోబరు చివరి నుంచి నవంబరు. గైడ్ మొత్తం యాత్రకి అక్కర్లేదు గానీ కొన్ని చోట్ల తప్పనిసరి. చదువు విషయం కాస్త పెద్దది, కింద రాస్తాను.

ఇంత కత్తిరింపు ఎందుకంటే, ఆ దేశంలో పక్షుల్ని మార్చేది ఎత్తు. మ్యాప్‌లో ముప్పై కిలోమీటర్ల దూరంలో కనిపించే రెండు ఊళ్ల మధ్య వెయ్యి మీటర్ల ఎత్తు తేడా ఉంటే, హమ్మింగ్‌బర్డ్‌ల జాబితా దాదాపు కొత్తదైపోతుంది. దానికి తోడు ఆండీస్ పడమటి వాలు వేరు, తూర్పు వాలు వేరు. పడమటి వాలులో ప్లేట్-బిల్డ్ మౌంటెన్ టూకాన్ ఉంటుంది. అది ఈక్వెడార్, దక్షిణ కొలంబియాల్లోని ఆ వాలులో తప్ప ఇంకెక్కడా లేదు. కొండ దాటి తూర్పుకి వెళితే దాని చోటులో గ్రే-బ్రెస్టెడ్ మౌంటెన్ టూకాన్ కనిపిస్తుంది. అంటే రెండు వాలులు, ఒక్కో వాలులో మూడు నాలుగు ఎత్తులు, అడుగున అమెజాన్. ఇదంతా రాజధాని కీటో నుంచి రోడ్డు మీద, ఒక చిన్న విమానంతో అయిపోతుంది. ఇంకెక్కడికో ఎగరాల్సిన పనేముంది?

మకాములు తగ్గించమనడానికి ఇంకో లెక్క ఉంది. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా ఇంచుమించు 6 గంటలకి తెల్లారి 6 గంటలకి చీకటి పడుతుంది. పక్షులు బాగా తిరిగేది ఉదయం పది లోపే. మకాం మారిన ప్రతిసారీ సర్దుకోవడం, బయల్దేరడం, దారి, కొత్త చోటు అర్థం కావడం కలిపి ఒక ఉదయం చెడుతుంది. మీ పాత ప్లాన్‌లో దాదాపు సగం ఉదయాలు కారులోనే పోతున్నాయి. ఒకే చోట మూడో ఉదయం ఉన్నప్పుడు జరిగేది వేరు. మొదటి రోజు గోలగా అనిపించిన అడవిలో ఏ కూత ఎవరిదో తెలుస్తుంది, తెలియనిది వినగానే చెవి నిక్కబొడుచుకుంటుంది. అరుదైనవి నాకు ఎక్కువగా దొరికింది ఆ మూడో ఉదయమే.

గాలపగోస్ గురించి ఒక మాట. అద్భుతమైన చోటే. కానీ అక్కడ జాతులు తక్కువ, ఖర్చు ఎక్కువ. విదేశీయులకి పార్కు రుసుమే 2024 ఆగస్టు నుంచి 200 డాలర్లు. విమానాలు, పడవలు కలిపితే మీ యాత్రలో వారం తినేస్తుంది. అది వేరే రకం యాత్ర, ఇంకో ఏడాది చేయండి. దక్షిణంలో తపిచలాకా రిజర్వుని వదులుకోవడం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. 1997లో కనిపించి 1999లో శాస్త్రానికి పరిచయమైన జోకోటోకో యాంట్‌పిట్టా (అడవి నేల మీద దాక్కుని తిరిగే పక్షి) ఉన్నది అక్కడే. అయినా దక్షిణానికి విడిగా రెండు వారాలు ఇస్తే గానీ న్యాయం జరగదు.

ఇక నేనైతే ఎలా అమరుస్తానంటే:

మొదటి రాత్రి కీటో నగరంలో వద్దు. విమానాశ్రయం ఊరికి తూర్పున తబబేలా దగ్గర, సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ చుట్టుపక్కలే పడుకోండి. నగరం 2,850 మీటర్ల మీద ఉంటుంది. నిద్రలేని విమాన ప్రయాణం మీద ఆ ఎత్తు కూడా తోడైతే తలనొప్పి పట్టుకుంటుంది. మర్నాడే పడమటి వాలు దిగి మిందో అనే ఊరికి వెళ్లిపోండి. అక్కడ నాలుగు రాత్రులు. మిందో 1,250 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఒళ్లు సర్దుకుంటుంది. అక్కడి నుంచే ఒక రోజు మిల్పే, ఒక రోజు ఇంకా కిందికి రియో సిలాంచే రిజర్వులు చూడొచ్చు. ఆ తర్వాత పైకి తందయాపా లోయలో బెయవిస్తా లాడ్జి దగ్గర మూడు రాత్రులు, సుమారు 2,200 మీటర్లు. మేఘాల అడవి అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి పొగమంచు కిటికీ దాకా వచ్చి కూర్చుంటుంది.

తిరుగు దారిలో యానాకోచా రిజర్వు. 3,500 మీటర్ల దగ్గర చదునైన కాలిబాట, దాని వెంట హమ్మింగ్‌బర్డ్‌లకి తీపినీళ్ల ఫీడర్లు. స్వోర్డ్-బిల్డ్ హమ్మింగ్‌బర్డ్‌ని చూడటానికి మంచి చోటు. తోక పక్కనపెడితే, మిగతా ఒళ్లంతటికన్నా ముక్కే పొడుగున్న పక్షి ప్రపంచంలో ఇదొక్కటే. కూర్చున్నప్పుడు గమనించండి, ముక్కుని పైకెత్తి పెట్టుకుంటుంది. ఆ ముక్కుతో తన ఈకలు దువ్వుకోలేదు కాబట్టి కాలితో గోక్కుంటుంది. ఆ రాత్రి మళ్లీ విమానాశ్రయం దగ్గరే.

తర్వాత తూర్పు. ఆంతిసానా అగ్నిపర్వతం మీదుగా వెళితే కొండోర్, కారన్‌క్యులేటెడ్ కారకారా అనే పెద్ద పక్షులు చూసుకుని పపల్లాక్తా ఊరు చేరొచ్చు. కనుమ దాదాపు 4,000 మీటర్లు, పైన యాంటెన్నాల దాకా వెళ్లే రోడ్డు ఇంకా ఎత్తు. రూఫస్-బెల్లీడ్ సీడ్‌స్నైప్ అనే పక్షి కోసం అందరూ అక్కడికే ఎక్కుతారు. గాలికి కళ్లలో నీళ్లు కారుతుంటే బైనాక్యులర్ పట్టుకోవడమే పని. పొగమంచు దిగితే పక్షి పది అడుగుల్లో ఉన్నా కనపడదు. అందుకే ఆ పక్కనే గ్వాంగో లాడ్జి దగ్గర రెండు రాత్రులు పెట్టాను, మొదటి ఉదయం పోతే రెండోది ఉంటుంది. గ్వాంగో 2,700 మీటర్లు. వెనక ఏటిలో టోరెంట్ డక్ ఉంటుంది. ఆ ఉరవడిలో రాయి మీద నిలబడి, ఎదురు ఈదడం చూసి తీరాలి. అక్కడి నుంచి దిగుతూ సాన్ ఇసిద్రో లాడ్జిలో మూడు రాత్రులు, సుమారు 2,000 మీటర్లు. వైల్డ్‌సుమాకో లాడ్జిలో మూడు రాత్రులు, సుమారు 1,400 మీటర్లు. అక్కడి నుంచి రోడ్డు మీద కోకా ఊరికి, కోకా నుంచి నాపో నది మీద మోటారు పడవలో అమెజాన్ లాడ్జికి. నాలుగు రాత్రులు. కోకా నుంచి కీటోకి విమానం, ఆఖరి రాత్రి.

ఈ క్రమం ఊరికే పెట్టలేదు. 4,000 మీటర్ల కనుమ మీకు యాత్ర మొదలైన వారం దాటాక వస్తుంది. అప్పటికి ఒళ్లు ఎత్తుకి కొంత అలవాటు పడి ఉంటుంది. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు జబ్బు రావొచ్చు. వయసుకీ వ్యాయామానికీ సంబంధం లేదు. కనుమ దాటాక అమెజాన్ దాకా ప్రతి మకాం ముందుదానికన్నా కిందే. అలసట పెరిగే కొద్దీ ఊపిరి తేలికవుతుంది.

లెక్క చూసుకుంటే ఇవి 22 రాత్రులు. మిగిలిన రెండు ఖాళీగా వదలండి, నింపొద్దు. ఒకటి వైల్డ్‌సుమాకోకీ కోకాకీ మధ్య. ఇంకొకటి ఇంటికి వెళ్లే విమానానికి ముందు. తూర్పు వాలు రోడ్ల మీద కొండచరియలు మామూలే. 2020 ఫిబ్రవరిలో కోకా నది మీద సాన్ రఫాయెల్ జలపాతమే కూలిపోయింది. ఆ తర్వాత నది ఎగువకి కోసుకుంటూ పోయి పక్కనున్న హైవేని పలుమార్లు మింగేసింది. మీ దారి అది కాకపోయినా ఆ ప్రాంతపు నేల స్వభావం అదే. నేనొకసారి బయేసా దగ్గర మట్టి తీసేదాకా మధ్యాహ్నమంతా లారీల వెనక కూర్చున్నాను. నాకు ఖాళీ రోజు ఉంది కాబట్టి రోడ్డు పక్క కంచె మీద ఫ్లైక్యాచర్‌లు చూస్తూ గడిపాను. మా ముందు కారులో ఉన్న జంటకి ఆ సాయంత్రమే విమానం. వాళ్ల టెన్షన్ చూడలేకపోయాను.

బుకింగ్ మాత్రం ఈ క్రమానికి తలకిందులుగా చేయండి. ముందు అమెజాన్ లాడ్జి, మిగతావన్నీ దాని చుట్టూ. నాపో లాడ్జిలు ఎక్కువగా నాలుగు రోజులు, ఐదు రోజుల ప్యాకేజీలు నడుపుతాయి. పడవలు వారంలో నిర్ణీత రోజుల్లోనే బయల్దేరతాయి. మీరు మంగళవారం కోకా చేరి, పడవ శుక్రవారం అయితే ఏం చేస్తారు? ఐదు రోజులదే తీసుకోండి. రాకపోకలు రెండు రోజుల్ని కొరికేస్తాయి కాబట్టి నాలుగు రోజులదాంట్లో మిగిలేది తక్కువ. లాడ్జిని ఎంచుకునేటప్పుడు గదుల ఫొటోలకన్నా కేనపీ టవర్ (చెట్ల నెత్తిని చూసేందుకు ఎక్కే టవర్) ఉందా, చిలకలు మట్టి తినడానికి వచ్చే గట్టు దగ్గరలో ఉందా అనేవి చూడండి. టవర్ లేకపోతే చెట్ల నెత్తిన, నేలకి ముప్పై మీటర్ల పైన తిరిగే కోటింగాలూ టానేజర్‌లూ మీకు మెడనొప్పి మాత్రమే మిగులుస్తాయి. మట్టిగట్టు దగ్గర వాన పడితే చిలకలు దిగవు. అందుకూ ఐదు రోజులు ఉండటమే మేలు.

నెల సంగతి. పడమటి వాలులో జనవరి నుంచి మే దాకా వానలు ఎక్కువ, జూన్ నుంచి సెప్టెంబరు పొడిగా ఉంటుంది. తూర్పు వాలుకి లెక్క వేరు. ఏప్రిల్ నుంచి జులై దాకా అక్కడ బాగా తడుస్తుంది, అక్టోబరు తర్వాత కాస్త తెరిపినిస్తుంది. రెండు వైపులా పూర్తిగా పొడిగా ఉండే నెల లేదు. అక్టోబరు చివర, నవంబరు మంచి రాజీ. పైగా అప్పటికి ఉత్తర అమెరికా నుంచి వలస వచ్చే బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ లాంటివి కూడా గుంపుల్లో కలిసి తిరుగుతుంటాయి. వాన మాత్రం రోజూ ఉంటుందనే అనుకుని వెళ్లండి. సన్నటి జల్లులో పక్షులు తిరగడం మానవు, మనమే లోపలికి పోతాం.

గైడ్ విషయంలో రెండు వాదాలుంటాయి. మొత్తం టూర్ కంపెనీకి ఇస్తే నిశ్చింత, పక్షుల సంఖ్య కూడా పెరుగుతుంది. కానీ గుంపు టూర్‌ల వేగం మీవారికి నరకం. తెల్లారి నాలుగున్నరకి లేవడం, రాత్రి భోజనాల దగ్గర లిస్టు చదవడం. మీ ఇద్దరికీ సరిపోయేది ఇది: ఊళ్ల మధ్య డ్రైవరుతో కారు, అడవిలో స్థానిక గైడ్. కారు మీరే నడపాలనుకోవద్దు. పొగమంచులో ఘాట్ రోడ్డు, దానికి తోడు చెట్టు మీద ఏదో ఎగిరితే తల తిప్పే డ్రైవరు, వద్దండీ. గైడ్ తప్పనిసరిగా పెట్టుకోవాల్సింది మిందోలో కనీసం రెండు రోజులు, సాన్ ఇసిద్రో లేదా వైల్డ్‌సుమాకోలో ఒకటి రెండు రోజులు. అమెజాన్ లాడ్జిలో గైడ్ ప్యాకేజీలోనే ఉంటాడు. కానీ అతను కోతులూ మొసళ్లూ చూపించే సాధారణ గైడ్ కావొచ్చు. "పక్షుల గైడ్ కావాలి" అని బుకింగ్‌లోనే రాయించండి, అదనంగా కట్టాల్సి వచ్చినా సరే. యాంట్‌బర్డ్‌లని వాళ్లు లేకుండా చూడటం మన వల్ల కాదు.

మిందో దగ్గర రెఫ్యూజియో పాజ్ దె లాస్ ఆవెస్ అనే రిజర్వుకి తప్పక వెళ్లండి. ఆంగెల్ పాజ్ అనే రైతు తన పొలం అడవిలో కాక్-ఆఫ్-ద-రాక్ అనే పక్షులు చేరి ఆడే చోటికి బాట వేస్తుంటే, తవ్విన మట్టిలో వానపాముల కోసం జెయింట్ యాంట్‌పిట్టా రావడం గమనించాడు. అంతకుముందు దాన్ని చూసినవాళ్లు చాలా తక్కువ. ఆయన ఓపికగా వానపాములు వేసి దాన్ని మచ్చిక చేసుకుని మరియా అని పేరు పెట్టాడు. నరికి సాగు చేయాల్సిన అడవిని ఉంచేసి, దాని మీదే బతుకుతున్నాడు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో రిజర్వులు నేర్చుకున్నాయి. అక్కడ మీరు చూసేది ఇలా ఉంటుంది: తడి ఆకుల మీద తరిగిన వానపాము ముక్కలు పడతాయి, పేరు పెట్టి పిలుపు, కాసేపు ఏమీ ఉండదు, తర్వాత పొదలోంచి రెండు పొడుగు కాళ్ల మీద బంతిలాంటి పక్షి గెంతుకుంటూ వచ్చి, ఒక ముక్క తీసుకుని, మిమ్మల్ని ఒకసారి చూసి వెళ్లిపోతుంది. తిండిపెట్టి పిలవడం నచ్చని వాళ్లున్నారు. నాకు అభ్యంతరం లేదు. రోజంతా స్పీకరులో కూత వినిపించి పక్షిని విసిగించడం కన్నా ఇది నయం. కొన్ని రిజర్వుల్లో కూత వినిపించడం నిషేధం, అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు చదువు. 1,600 పక్షుల్ని ఎవరూ బట్టీ పట్టలేరు, పట్టొద్దు. పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో టార్గెట్ స్పీషీస్ అనే భాగం ఉంది. పిచించా, నాపో, ఒరెయానా ప్రావిన్సులని విడివిడిగా పెట్టి, నెలలు అక్టోబరు, నవంబరు ఎంచుకుంటే, మీరింకా చూడని జాతులు కనిపించే అవకాశాన్ని బట్టి వరసలో వస్తాయి. పైనున్న నూట యాభై తీసుకోండి. వాటిని పేర్లుగా కాకుండా కుటుంబాలుగా చదవండి. మీకు ఇప్పటిదాకా అలవాటైన కుటుంబాల్లో చాలావి అక్కడ లేవు. ఫర్నారిడ్, యాంట్‌బర్డ్, టపాకులో, కోటింగా, మనాకిన్, ఇవన్నీ కొత్త. చెట్టు బెరడు పట్టుకుని పైకి పాకే గోధుమరంగు పక్షిని చూడగానే "ఇది వుడ్‌క్రీపర్" అన్నంత వరకు వస్తే చాలు, ఏ వుడ్‌క్రీపరో గైడ్ చెప్తాడు.

కూతలు ముప్పై నేర్చుకోండి, అంతకన్నా వద్దు. టపాకులోలూ యాంట్‌పిట్టాలూ ముందు చెవికే దొరుకుతాయి. పక్షి కూతల వెబ్‌సైట్ జెనో-కాంటోలో రికార్డింగులు వినేటప్పుడు ఈక్వెడార్‌లో చేసినవే, కుదిరితే అదే ప్రావిన్సులో చేసినవే ఎంచుకోండి. ఒకే పక్షి కూత చోటుని బట్టి మారొచ్చు. పక్షుల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌లో ఆ దేశపు ప్యాక్ ముందే దించుకోండి, అడవిలో సిగ్నల్ ఉండదు. కానీ అది చెప్పిన ప్రతి పేరుని నమ్మి లిస్టులో వేయొద్దు.

మిశ్రమ గుంపులకి ఒక్క సలహా. ఇరవై జాతులు కలిసి నెత్తి మీదుగా వెళ్లేది మూడు నాలుగు నిమిషాలే. ఆ కాసేపట్లో అన్నీ చూడాలని బైనాక్యులర్ ఊపుతూ ఉంటే ఒక్కటీ సరిగా కనపడదు. ఒక పక్షిని పట్టుకుని చూసి, గైడ్‌కి వర్ణించి, తర్వాత ఇంకోదానికి వెళ్లండి. పుస్తకం తెరవడం గుంపు పోయాకే.

మీవారి గురించి మీరు భయపడుతున్నంత లేదు. ఈ యాత్రలో పక్షి ప్రేమ లేనివాళ్లకి కూడా బోలెడు ఉంది. పపల్లాక్తాలో వేడినీటి బుగ్గలున్నాయి. మిందోలో జలపాతాలున్నాయి. ఫీడర్ల దగ్గర కుర్చీ వేసుకుంటే హమ్మింగ్‌బర్డ్‌లు చెవి పక్కనుంచి రివ్వున పోతాయి, దానికి జ్ఞానం అక్కర్లేదు. సాన్ ఇసిద్రోలో రాత్రంతా వెలిగిన దీపాల చుట్టూ గోడలకి చిమ్మెటలు పట్టి ఉంటాయి. తెల్లారేసరికి ట్రోగాన్‌లు, ఫ్లైక్యాచర్‌లు వాటిని ఏరుకు తినడానికి వరండా దాకా వస్తాయి. కాఫీ కప్పు పట్టుకుని నిలబడితే చాలు. ఆయన్ని మధ్యాహ్నాలకి వదిలేయండి, ఉదయాలు మీరు తీసుకోండి.

సామాను త్వరగా చెప్పేస్తాను. 8×42 బైనాక్యులర్, అంతకన్నా పెద్దది అడవి చీకట్లో వణుకుతుంది. టెలిస్కోప్ ఇంట్లో వదిలేయండి, గైడ్‌ల దగ్గర ఉంటుంది. డీట్ ఉన్న దోమల మందు రబ్బరునీ ప్లాస్టిక్‌నీ కరిగిస్తుంది, ఆ చేతులతో బైనాక్యులర్ పట్టుకోవద్దు. పికారిడిన్ ఉన్నది వాడితే ఈ గొడవ లేదు. రబ్బరు బూట్లు అమెజాన్ లాడ్జిలే ఇస్తాయి, మీ సైజు ఉందో లేదో ముందే అడగండి. ఒకే యాత్రలో ఉన్ని టోపీ, చేతి తొడుగులు, పల్చటి పొడుగు చేతుల చొక్కాలు మూడూ కావాలి.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. ఆండీస్‌కి తూర్పున 2,300 మీటర్ల కింద ఆ జ్వరం ముప్పు ఉంది. సర్టిఫికెట్ టీకా వేసిన పది రోజుల తర్వాతే చెల్లుతుంది, 2016 నుంచి జీవితకాలం పనిచేస్తుంది. తిరుగు ప్రయాణంలో కూడా దాన్ని అడిగే దేశాలున్నాయి కాబట్టి పాస్‌పోర్టుతో పాటే ఉంచండి. మలేరియా మాత్రలు, ఎత్తు జబ్బు మాత్రలు మీ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. విమానం అమెరికా మీదుగా ఉంటే, అక్కడ కేవలం మారడానికి కూడా వీసా అడుగుతారు, టికెట్ కొనేముందు చూసుకోండి. దేశంలో నడిచేది 2000 నుంచి అమెరికా డాలరే. చిన్న నోట్లు తీసుకెళ్లండి, యాభై, వంద నోట్లు చిన్న చోట్ల ఎవరూ తీసుకోరు. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం ముఠాల మీద అంతర్గత సాయుధ పోరు ప్రకటించింది. బెడద తీరప్రాంత ప్రావిన్సుల్లో ఎక్కువ. బయల్దేరే ముందు తాజా హెచ్చరికలు చదవండి. తీరం వైపు దిగే రియో సిలాంచే రోజు గురించి మాత్రం మిందో గైడ్ వద్దంటే మారు మాట్లాడకుండా మానేయండి.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. నాపో మీద రెండు మూడు లాడ్జిలకి మెయిల్ రాసి, నవంబరులో ఐదు రోజుల ప్యాకేజీ ఏ తేదీల్లో మొదలవుతుంది, పక్షుల గైడ్‌ని ఇద్దరికే కేటాయిస్తారా, టవర్ మీదికి తెల్లారకముందే తీసుకెళ్తారా అని అడగండి. జవాబులు వచ్చాక ఇక్కడే పెట్టండి, మిగతా తేదీలు వాటిని బట్టి కూర్చుదాం.